మిస్‌ఫైర్ పట్టే పద్ధతికి పేటెంట్ పరీక్ష: ప్రాజెక్టు డైరీ

ఇంజన్‌లో మిస్‌ఫైర్‌ను, అంటే సిలిండర్‌లో పేలుడు జరగకపోవడాన్ని, పట్టే పద్ధతికి నేను పెట్టిన మొదటి పేటెంట్ అప్లికేషన్‌లోని 12 క్లెయిమ్‌లూ (ఇది నాది అని హక్కు అడిగే వాక్యాలు) సెర్చ్ రిపోర్టులో (పేటెంట్ ఆఫీసు పాత పత్రాలు వెతికి ఇచ్చే నివేదికలో) పోయిన రోజు నుంచి ఈ డైరీ మొదలవుతుంది. అంతకు ముందు రాసుకున్నదంతా ఉత్సాహమే, ఇంకెవరికీ పనికిరాదు. రెండో అప్లికేషన్ ప్రచురణ అయ్యాకే దీన్ని బయట పెడుతున్నాను. ఆ వరుస తప్పితే ఏమవుతుందో దశ 1లో చెబుతాను.

పని చేసిన సామాను:

1. జనరేటర్‌కు కట్టిన నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. వేగం 1500 ఆర్‌పీఎం, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2.
2. రెండు ఇగ్నిషన్ కాయిల్స్. ఒకటి 1, 4 సిలిండర్లకు, రెండోది 2, 3 సిలిండర్లకు.
3. పుల్లీకి బిగించిన 60-2 పళ్ల చక్రం. 60 పళ్ల చోట 58 ఉంటాయి, రెండు పళ్ల ఖాళీ గుర్తు కోసం. వ్యాసార్ధం 80 మిల్లీమీటర్లు.
4. పళ్లను పట్టే హాల్ సెన్సర్, క్యామ్ సెన్సర్, 16 మెగాహెర్ట్జ్ మైక్రోకంట్రోలర్ బోర్డు, డయల్ గేజ్, ఆసిలోస్కోప్.

గుర్తుంచుకోవలసిన లెక్కలు: 1500 ఆర్‌పీఎం దగ్గర ఒక చుట్టుకు 40 మిల్లీసెకండ్లు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ప్రతి 180 డిగ్రీలకు ఒక పేలుడు, అంటే 20 మిల్లీసెకండ్లకు ఒకటి. మిస్‌ఫైర్ అయితే ఆ 20 మిల్లీసెకండ్ల ముక్క కాస్త సాగుతుంది. ఎంత సాగిందన్నదే మొత్తం కథ.

దశ 1: మొదటి అప్లికేషన్ ఎందుకు పోయింది

నా మొదటి క్లెయిమ్ క్లుప్తంగా ఇది: "క్రాంక్ షాఫ్ట్ 180 డిగ్రీలు తిరగడానికి పట్టిన కాలాన్ని కొలిచి, ముందరి ముక్క కాలంతో పోల్చి, తేడా ఒక హద్దు దాటితే మిస్‌ఫైర్ అని ప్రకటించే పద్ధతి."

సెర్చ్ రిపోర్టులో దీని పక్కన రెండు ఎక్స్‌లు వచ్చాయి. ఎక్స్ అంటే ఆ ఒక్క పత్రమే క్లెయిమ్‌ను పడగొట్టడానికి చాలు. వై అంటే ఇంకో పత్రంతో కలిపితే పడగొడుతుంది. ఎ అంటే నేపథ్యం మాత్రమే. రిపోర్టు చేతికి రాగానే పేర్లు, తేదీల జోలికి పోకుండా ఈ అక్షరాలు చూడండి.

ఎక్స్‌లు రావడంలో వింతేమీ లేదు. అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లకు ఓబీడీ-2 (ఇంజన్ లోపాలను బండే కనిపెట్టి చెప్పే వ్యవస్థ) తప్పనిసరి. అందులో మిస్‌ఫైర్ మీద నిఘా ఒక భాగం. పి0300 నుంచి మొదలయ్యే కోడ్లు మెకానిక్‌లందరికీ తెలిసినవే. కాటలిస్ట్‌ను కాల్చేసే స్థాయి మిస్‌ఫైర్‌ను 200 చుట్ల లెక్కన, ఉద్గారాలు పెంచే స్థాయిని 1000 చుట్ల లెక్కన చూడాలని కాలిఫోర్నియా నిబంధన. ఇంతమంది కార్ల తయారీదార్లు ఇన్నేళ్లుగా క్రాంక్ వేగం చూసి చేస్తున్న పనినే నేను క్లెయిమ్‌గా రాసుకున్నాను.

చేసిన పనులు:

1. అప్లికేషన్‌ను 18 నెలల ప్రచురణ గడువు రాకముందే వెనక్కి తీసుకున్నాను. ప్రచురణ అయితే అదే నా రెండో అప్లికేషన్‌కు ప్రయర్ ఆర్ట్‌గా (అప్పటికే బయట ఉన్న సమాచారంగా) అడ్డం వస్తుంది.
2. గ్రాఫులు ఎక్కడా పెట్టలేదు. కొన్ని దేశాల్లో సొంత ప్రకటనకు కొంత గడువు మన్నింపు ఉంటుంది, చాలా చోట్ల ఉండదు. ఫైలింగ్‌కు ముందు మనమే బయట పెట్టిన గ్రాఫు మన క్లెయిమ్‌నే కొట్టేస్తుంది.
3. కొత్త క్లెయిమ్ రాయడానికి ముందు వెతుకులాట నేనే చేయాలని నిర్ణయించుకున్నాను.

ఇప్పటిదాకా లెక్క: పోయిన క్లెయిమ్‌లు 12, మిగిలినవి 0.

దశ 2: వెతుకులాట

"మిస్‌ఫైర్" అని కొట్టి వెతకడం పెద్ద పొరపాటు. పాత పత్రాల్లో ఆ మాట ఉండకపోవచ్చు. "దహన లోపం", "అసమాన పరుగు", "రఫ్‌నెస్", "కోణీయ వేగపు హెచ్చుతగ్గులు" అని ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు. మాటలకన్నా వర్గీకరణ నంబరు నమ్మకమైనది.

1. జి01ఎం 15/11: మిస్‌ఫైర్‌ను కనిపెట్టి ఇంజన్‌ను పరీక్షించడం. ముందు ఇదే.
2. ఎఫ్02డి 41/22: అసాధారణ పరిస్థితుల్లో రక్షణ, హెచ్చరిక.
3. ఎఫ్02డి 41/1498: ఇంజన్ రఫ్‌నెస్ కొలత.
4. దొరికిన మంచి పత్రం నుంచి వెనక్కి (అది ఉదహరించినవి), ముందుకు (దాన్ని ఉదహరించినవి) వెళ్లడం. ఎక్కువ పనికొచ్చింది ఇదే.

పూర్తిగా చదివినవి 41. అందులో మూడు పక్కన పెట్టుకున్నాను. డైరీలో వాటిని డి1, డి2, డి3 అంటాను.

డి1: ముక్క కాలం, హద్దు. నా పాత క్లెయిమే.

డి2: పళ్ల చక్రం ఎంత బాగా కోసినా కొంత తప్పు ఉంటుంది. బండి వాలు దిగేటప్పుడు ఇంధనం ఆగిపోతుంది, పేలుడు ఉండదు. అప్పుడు కనిపించే తేడాలన్నీ చక్రం తప్పే అనుకుని నేర్చుకోవడం.

డి3: 1, 4 సిలిండర్ల పేలుళ్ల మధ్య సరిగ్గా 360 డిగ్రీలు. అంటే రెండింటి కాలాన్నీ చక్రంలో ఒకే పళ్లతో కొలుస్తాం. 1వ సిలిండర్ కాలంలోంచి 4వ దాన్ని తీసేస్తే చక్రం తప్పు తనంతట తనే పోతుంది, నేర్చుకోవలసిన అవసరమే లేదు.

డి3 చదివిన రోజు చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. రెండో అప్లికేషన్‌కు నేను అనుకుంటున్న ఉపాయం అదే. 18 నెలల లోపు ఫైల్ అయినవి ఎవరికీ కనిపించవు కాబట్టి, ఈ వెతుకులాట ఎంత చేసినా కొంత చీకటి మిగులుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

దశ 3: గడియారమే తప్పైతే

బల్ల మీద కొలతలు మొదలుపెట్టాను. మొదటి వారమంతా ఇంజన్‌ను కాదు, నా బోర్డును రిపేరు చేయడమే సరిపోయింది.

తప్పు 1: మైక్రోస్ ఫంక్షన్‌తో కాలం చదివాను. 16 మెగాహెర్ట్జ్ బోర్డులో దాని అడుగు (అది కొలవగల అతి చిన్న కాలం) 4 మైక్రోసెకండ్లు. నాకు కావలసిన సంకేతం లోడు లేనప్పుడు 24 మైక్రోసెకండ్ల దగ్గర ఉంది. ఆరు అడుగుల్లో కొలత, పైగా వేరే ఇంటరప్ట్‌ల (మధ్యలో అడ్డొచ్చే పనుల) వల్ల ఊగులాట. ఇన్‌పుట్ క్యాప్చర్ పిన్‌కు మార్చాను. అక్కడ అంచు వచ్చిన క్షణాన్ని హార్డ్‌వేరే పట్టుకుంటుంది, అడుగు 62.5 నానోసెకండ్లు.

తప్పు 2: ఆ టైమర్ 16 బిట్లది. 65,536 అడుగులు నిండగానే సున్నాకు తిరుగుతుంది, అంటే 4.096 మిల్లీసెకండ్లకు. 60 పళ్ల చక్రంలో ఒక పన్ను కాలం మిల్లీసెకండ్లలో 1000ని ఆర్‌పీఎంతో భాగిస్తే వస్తుంది. ఖాళీ దగ్గర మూడు పళ్ల కాలం. అది 4.096 దాటేది 732 ఆర్‌పీఎం కింద. 1500 దగ్గర అంతా చక్కగా ఉంది. ఇంజన్ ఆపినప్పుడు, వేగం 732 దిగగానే లాగ్‌లో చక్రం ఖాళీయే మాయమైంది. 700 దగ్గర 4.286 రావలసిన చోట 0.190 వచ్చింది. సెన్సర్ వదులైందనుకుని రెండుసార్లు విప్పి బిగించాను. మూడోసారి కాగితం మీద భాగహారం చేశాక దొరికింది.

సరిదిద్దిన విధం:

1. ఓవర్‌ఫ్లో (టైమర్ నిండి సున్నాకు తిరగడం) ఇంటరప్ట్‌లో ఒక లెక్క పెంచడం.
2. క్యాప్చర్ జరిగిన క్షణంలోనే ఓవర్‌ఫ్లో కూడా జరిగితే ఏది ముందో తేలదు. అందుకని క్యాప్చర్ ఇంటరప్ట్‌లో ఓవర్‌ఫ్లో జెండా చూసి, అది లేచి ఉండి క్యాప్చర్ విలువ చిన్నదైతే ఒకటి కలపడం.

తప్పు 3: లాగ్‌ను అక్షరాలుగా పంపాను. సెకనుకు 1,450 అంచులు, ఒక్కోదానికి 7 అక్షరాలు, 10,150. సీరియల్ పోర్టు 115,200 బాడ్ దగ్గర మోసేది 11,520. సరిపోయింది. క్యామ్ గుర్తుకని ఒక అక్షరం కలపగానే 11,600 అయింది, అక్కడక్కడా పళ్లు రాలిపోయాయి. రెండు బైట్ల బైనరీకి మార్చాను.

క్యామ్ సెన్సర్ ఎందుకంటే, క్రాంక్ చక్రానికి 1వ సిలిండర్, 4వ సిలిండర్ ఒకటే. అది లేకుండా చేసిన తొలి పరీక్షల్లో 1ని ఆపితే ఒక స్టార్టులో 1 అని, మరో స్టార్టులో 4 అని వచ్చింది.

ఇప్పటిదాకా లెక్క: ఇంజన్ నడిచింది 6 గంటలు, అందులో పనికొచ్చే డేటా 50 నిమిషాలు.

దశ 4: డి3ని నేనే కట్టి చూశాను

ఈ డైరీలో ఎవరైనా ఒక్క దశ కాపీ చేస్తే ఇదే చేయమంటాను. మన క్లెయిమ్‌ను పడగొట్టే పత్రం దొరికితే, దాన్ని బల్ల మీద కట్టి నడపాలి. కాగితం మీద చదివితే అది ఎక్కడ ఆగిపోతుందో తెలియదు.

పరీక్ష ఎ: 1వ సిలిండర్‌కు ప్రతి 25 సైకిళ్లకు (ఒక సైకిల్ అంటే క్రాంక్ రెండు చుట్లు) ఒకసారి స్పార్క్‌తో పాటు ఇంధనం కూడా ఆపడం. స్పార్క్ ఒక్కటే ఆపితే కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోకి పోయి అక్కడ పేలుతుంది, అది ప్రమాదం. పది నిమిషాలు, 7,500 సైకిళ్లు, 300 కోతలు. డి3 పద్ధతి 291 పట్టింది. లోడు లేనప్పటి ఫలితమిది. లోడు పెట్టాక 300కి 300. నిజంగా మంచి పద్ధతి.

పరీక్ష బి: 1-4 కాయిల్ ప్లగ్ పీకాను, ఆ రెండు ఇంజెక్టర్లూ ఆపాను. ఇంజన్ రెండు సిలిండర్ల మీద దడదడలాడుతూ నడిచింది. గవర్నర్ (వేగాన్ని నిలబెట్టే పరికరం) థ్రాటిల్ తెరిచి వేగాన్ని 1500కి లాక్కొచ్చింది. 20 సెకండ్లు, 250 సైకిళ్లు. డి3 పద్ధతి పట్టినవి: 0.

ఆ సున్నా చూశాక నా రెండో అప్లికేషన్ ఏమిటో తెలిసింది. 1లోంచి 4ను తీసేస్తున్నాం, రెండూ ఒకేలా చచ్చాయి, తేడా సున్నా. ఒకే కాయిల్ పంచుకునే రెండు సిలిండర్లు సరిగ్గా ఒకే పళ్లతో కొలిచే జత. చక్రం తప్పును చెరిపేసే ఆ తీసివేతే కాయిల్ తప్పునూ చెరిపేస్తోంది. ఇది ఏదో అరుదైన సందర్భం కూడా కాదు. కాయిల్ పోవడం మామూలు రిపేరు. జనరేటర్ కరెంటు ఇస్తూనే ఉంటుంది, ఎవరూ గమనించరు, ఆ రెండు సిలిండర్లలో కాలని పెట్రోల్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి కింద సంప్‌లో ఆయిల్‌ను పలచన చేస్తుంది.

జత మొత్తం చచ్చిందో లేదో తెలియాలంటే 1-4 జతను 2-3 జతతో పోల్చాలి. ఆ రెండు జతలవీ చక్రంలో వేరు వేరు సగాలు. అంటే చక్రం తప్పు మళ్లీ మెడకు చుట్టుకుంది.

దశ 5: ఆగుతున్న ఇంజన్ దగ్గర నేర్చుకోవడం

డయల్ గేజ్ పెట్టి చక్రం తిప్పితే సూది మొత్తం 0.30 మిల్లీమీటర్లు ఆడింది. అంటే కేంద్రం 0.15 పక్కకు ఉంది. 80 మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి ఇది సగం చక్రంలో గరిష్ఠంగా 0.215 డిగ్రీల తప్పు ఇవ్వగలదు. 180లో 0.119%. 20 మిల్లీసెకండ్లలో 24 మైక్రోసెకండ్లు. లోడు లేనప్పటి మిస్‌ఫైర్ సంకేతం కూడా 24. చక్రం తప్పూ, అసలు జబ్బూ ఒకే సైజులో ఉన్నాయి.

డి2 చెప్పినట్టు నేర్చుకోవడానికి ఇక్కడ వాలు లేదు, ఇంజన్‌ను తోసే చక్రాలు లేవు. జనరేటర్‌లో పేలుడు లేకుండా ఇంజన్ తిరిగే సమయం ఒక్కటే: ఆపాక అది ఆగేదాకా పట్టే ఆ నాలుగైదు సెకండ్లు.

మొదటి ప్రయత్నం చెత్త. వేగం పడిపోతూ ఉంటుంది కాబట్టి ప్రతి ముక్కా ముందరి దానికన్నా 0.4% దగ్గర పొడుగు. 0.1% తప్పు అందులో మునిగిపోయింది. ప్రతి ముక్కనూ దాని ముందరి, తర్వాతి ముక్కల సగటుతో పోల్చాక పడిపోయే ధోరణి పోయింది.

రెండో ప్రయత్నంలో వచ్చిన అంకెలు ఒక వేగం దగ్గర ఒకలా, ఇంకో వేగం దగ్గర ఇంకోలా:

1400 ఆర్‌పీఎం: -0.107%
1000 ఆర్‌పీఎం: -0.114%
750 ఆర్‌పీఎం: -0.124%
500 ఆర్‌పీఎం: -0.154%

చక్రం తప్పు ఇనుములో కోసినది, వేగంతో మారకూడదు. మారుతున్నదేదో ఇంజన్‌ది. రెండు జతల కంప్రెషన్ సమానంగా లేకపోతే, ఆ శక్తి తేడా వేగాన్ని ఎంత కదిలిస్తుందన్నది వేగం వర్గానికి విలోమంగా ఉంటుంది. అంకెలను వేగం వర్గపు విలోమానికి ఎదురుగా గీస్తే సరళరేఖ వచ్చింది. ఆ రేఖ వేగం అనంతం దగ్గర ఎక్కడ తాకుతుందో అదే చక్రం తప్పు: -0.100%, అంటే -20 మైక్రోసెకండ్లు. రేఖ వాలు మాత్రం ఇంజన్‌ది.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. పిస్టన్ల జడత్వం వల్ల వచ్చే హెచ్చుతగ్గులు వేగంతో మారవు కదా, అవి చక్రం తప్పులో కలిసిపోవా? నాలుగు సిలిండర్ల వరస ఇంజన్‌లో అవి ప్రతి 180 డిగ్రీలకూ అలాగే మళ్లీ వస్తాయి. రెండు సగాల్లోనూ ఒకటే, తీసివేతలో పోతాయి. 180 డిగ్రీల క్రాంక్ ఉన్న రెండు సిలిండర్ల ఇంజన్‌కు ఈ మాట వర్తించదు. అందుకే క్లెయిమ్‌లో నాలుగు సిలిండర్లు అని కట్టేశాను.

పాటించవలసిన వరస:

1. ఇగ్నిషన్, ఇంధనం రెండూ ఆపాలి.
2. థ్రాటిల్ మూసి పట్టాలి. వదిలేస్తే వేగం తగ్గుతోందని గవర్నర్ దాన్ని తెరిచేస్తుంది, మధ్యలో కంప్రెషన్ మారి రేఖ వంగుతుంది.
3. 1400 నుంచి 500 దాకా ముక్కలే వాడాలి.
4. రేఖ వేసి, తాకిన చోటును దాచుకోవాలి.

రెండో షరతు వల్ల తర్వాత ఏ నష్టం జరిగిందో దశ 7లో వస్తుంది.

దశ 6: కిటికీ జరిపితే చక్రం మారింది

ముక్కను ఎక్కడ మొదలుపెట్టాలి? అందరిలాగే పిస్టన్ పైకొచ్చిన చోటు, సున్నా డిగ్రీల దగ్గర మొదలుపెట్టాను. కాయిల్ పీకితే సంకేతం 11 మైక్రోసెకండ్లే వచ్చింది. పేలుడు లేని సగంలో వేగం పైనుంచి కిందికి దిగుతుంది, మరుసటి సగంలో కిందినుంచి పైకి ఎక్కుతుంది. సగం మొత్తానికి సగటు తీస్తే రెండూ దాదాపు ఒకటే. కిటికీని, అంటే కొలిచే ముక్క మొదలయ్యే చోటును, పళ్ల లెక్కన జరిపాను (చివరలు ఖాళీలో పడకుండా):

0 డిగ్రీలు: 11 మైక్రోసెకండ్లు
30 డిగ్రీలు (5 పళ్లు): 19
60 డిగ్రీలు (10 పళ్లు): 26
90 డిగ్రీలు (15 పళ్లు): 24

60 ఎంచుకుని మళ్లీ కాయిల్ పీకాను. 26 రావలసింది 5 వచ్చింది. ఇక్కడ రెండు రోజులు పోయాయి. టెన్షన్‌లో కాయిల్ కాకుండా ఇంకేదో పీకానేమోనని వైర్లు కూడా తడిమి చూశాను.

కారణం: చక్రం తప్పును సున్నా కిటికీతో నేర్చుకుని, 60 కిటికీ మీద వాడాను. కేంద్రం పక్కకు జరిగితే వచ్చే తప్పు సైన్ వేవ్ లాంటిది, ఎక్కడ కోస్తే అక్కడ ఒక విలువ. సున్నా దగ్గర +1 మైక్రోసెకండు, 30 దగ్గర -11, 60 దగ్గర -20, 90 దగ్గర -24. పైన దశ 5లో ఇచ్చిన అంకెలు తిరిగి 60 దగ్గర తీసినవి.

దీన్ని కాస్త దగ్గరగా చూడండి. 1-4 సగం చక్రంలో 20 మైక్రోసెకండ్లు పొట్టిగా కనిపిస్తోంది. కాయిల్ పోతే 26 సాగుతుంది. మొత్తం కనిపించేది 6. నా హద్దు 12. కాయిల్ పోయినా అంతా బాగానే ఉందని యంత్రం చెబుతుంది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి.

25 సైకిళ్ల సగటుతో లెక్క (కాయిల్ పీకినప్పటి 10 సగటులు, ఆరోగ్యంగా ఉన్నప్పటి 300 సగటులు):

1. దిద్దకుండా: 10లో 1 పట్టింది.
2. ఆగేటప్పటి అంకెల మామూలు సగటుతో (-25) దిద్దితే: 10లో 10, కానీ ఆరోగ్యంగా ఉన్నప్పుడు 19 తప్పుడు హెచ్చరికలు.
3. రేఖ తాకిన చోటుతో (-20) దిద్దితే: 10లో 10, తప్పుడు హెచ్చరికలు 2.

ఇప్పటిదాకా లెక్క: ఇంజన్ నడిచింది 19 గంటలు, ఆపి నేర్చుకున్నది 44 సార్లు, రాసిన కొత్త క్లెయిమ్‌లు 9.

దశ 7: పరీక్ష రిపోర్టు

రెండో అప్లికేషన్ మీద వచ్చిన అభ్యంతరాలు మూడు.

అభ్యంతరం 1, ఇన్వెంటివ్ స్టెప్ (పని తెలిసినవాడికి సులభంగా తోచని కొత్తదనం): డి3లో జత పోలిక ఉంది, డి2లో పేలుడు లేనప్పుడు చక్రం తప్పు నేర్చుకోవడం ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టడం ఈ పని తెలిసిన ఎవరికైనా తోచేదే. రెండు వైలు.

అభ్యంతరం 2: క్లెయిమ్ చివర ఒక సంఖ్య లెక్క కట్టి ఆగిపోయింది. గణిత పద్ధతికి పేటెంట్ రాదు.

అభ్యంతరం 3, స్పష్టత: "తక్కువ వేగం", "సుమారుగా" అంటే ఏమిటి?

మొదటిది చదివి కోపం వచ్చిన మాట నిజం. మళ్లీ చదివితే పరీక్షకుడు నా అప్లికేషన్‌ను నాకన్నా జాగ్రత్తగా చదివినట్టు తెలిసింది. నేను రాసిన వర్ణనలో రెండు పద్ధతులూ వేరు వేరు పేరాల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు ఉన్నాయి. కాయిల్ కథ ఒక్క వాక్యంలో ఉంది. తెలిసిన ముక్కలు కలిపితే అనుకున్న ఫలితమే వస్తే అది ఆవిష్కరణ కాదన్న వాదన బలమైనది. అమెరికా సుప్రీం కోర్టు 2007లో కేఎస్ఆర్ కేసులో చెప్పింది అదే. ఆ కేసు కూడా బండి పెడల్‌కు సెన్సర్ తగిలించడం గురించినది.

ఒక నష్టం ఇక్కడే జరిగింది. థ్రాటిల్ మూసి పట్టాలన్న సంగతి ఫైల్ చేసిన వర్ణనలో లేదు. నా నోటుబుక్‌లో ఉంది. జవాబులో కలపబోతే పేటెంట్ ఏజెంటు గారు ఆపారు: "ఫైల్ చేసిన రోజు కాగితంలో లేనిది ఇప్పుడు చేర్చలేమండీ. అది కొత్త విషయం కింద కొట్టేస్తారు." ఒక ఆధారిత క్లెయిమ్ (ప్రధాన క్లెయిమ్ మీద ఆధారపడేది) అలా పోయింది. ఫైల్ చేసే ముందు నోటుబుక్‌లో ప్రతి పేజీనీ వర్ణనతో సరిచూడండి, అనవసరం అనిపించిన ప్రతి షరతూ రాయండి.

దశ 8: జవాబు

జవాబు మూడుసార్లు రాశాను. మొదటి రెండింటిలో "మా పద్ధతి ఎంతో మెరుగైనది" లాంటి మాటలున్నాయి. మూడోదాంట్లో అంకెలు మాత్రమే ఉంచాను.

1. దగ్గరి పత్రం డి3 అని ఒప్పుకున్నాను. దాచడానికి ఏమీ లేదు.
2. డి3కీ నాకూ తేడా: జత మొత్తం చచ్చినా పట్టడం. 250లో 0 అన్న పరీక్ష బి అంకె ఇచ్చాను.
3. డి3 చదివినవాడు డి2ను కలపగలడా అన్నది ప్రశ్న కాదు, కలిపేవాడా అన్నది ప్రశ్న. డి3 రాసిందే నేర్చుకోవలసిన అవసరం లేకుండా చేయడానికి. దాన్ని చదివినవాడికి మళ్లీ నేర్చుకునే పద్ధతి తెచ్చుకోవడానికి కారణం లేదు.
4. కలిపినా చాలదు. డి2కి వాలు దిగే బండి కావాలి. ఆగే ఇంజన్‌లో మామూలు సగటు తీస్తే 19 తప్పుడు హెచ్చరికలు, రేఖతో 2. ఆ రేఖ డి2లో లేదు, డి3లో లేదు.

నాలుగో దానికి పరీక్షకుడు అడగగల ప్రశ్న నాకే తోచింది: రేఖ తాకిన చోటు చక్రం తప్పే అని రుజువేమిటి? అందుకని జవాబు పంపే ముందు మళ్లీ బల్ల దగ్గరకు వెళ్లాను. పుల్లీ బోల్టులు వదులు చేసి, చక్రం కింద పలచటి షిమ్ (రేకు ముక్క) దూర్చి, డయల్ గేజ్ సూది 0.06 దగ్గర ఆడేదాకా తట్టుతూ కేంద్రానికి తెచ్చాను. ఈ ఒక్క పనికి ఒక పూట పట్టింది. గరిష్ఠంగా 0.024% రావాలి, -0.017% వచ్చింది. తర్వాత షిమ్‌ను ఎదురు వైపు పెట్టి, సూది 0.30 ఆడేలా చక్రాన్ని కావాలనే అటు పక్కకు తోశాను. రేఖ తాకిన చోటు +0.096%. గుర్తు తిరగబడింది. ఈ మూడింటిలోనూ రేఖ వాలు దాదాపు కదల్లేదు, ఎందుకంటే ఇంజన్ అదే. మూడు రేఖలూ సమాంతరంగా ఒకే గ్రాఫులో గీసి జతచేశాను. వర్ణనలో ఉన్న విషయానికి ఇది రుజువు మాత్రమే, కొత్త విషయం కాదు, కాబట్టి అడ్డు రాలేదు.

అభ్యంతరం 2కు క్లెయిమ్ చివర మార్చాను. లెక్క కట్టడంతో ఆగకుండా, "ఆ జత ఇంజెక్టర్లకు ఇంధనం ఆపి, హెచ్చరిక ఇవ్వడం" దాకా తెచ్చాను. 1981లో డైమండ్ వర్సెస్ డీర్ కేసులో రబ్బరు అచ్చు తెరిచే సమయాన్ని సమీకరణంతో లెక్క కట్టి అచ్చును తెరిచే పద్ధతికి పేటెంట్ దక్కింది. సమీకరణం అందరిదీ, దానితో అచ్చు తెరవడం వాళ్లది. నా రేఖ కూడా అందరిదే, దానితో ఇంజెక్టర్ మూయడాన్నే అడుగుతున్నాను. ఇంధనం ఆపడం మొదటి నుంచీ వర్ణనలో ఉండబట్టి ఈ మార్పు కుదిరింది.

అభ్యంతరం 3కు "తక్కువ వేగం" తీసేసి 1400 నుంచి 500 ఆర్‌పీఎం అని రాశాను.

ఇప్పటిదాకా లెక్క: క్లెయిమ్‌లు 9 నుంచి 5, ఇంజన్ నడిచింది 23 గంటలు, జవాబు 11 పేజీలు, అందులో గ్రాఫులు 4.

దశ 9: రెండో రిపోర్టు

ఇన్వెంటివ్ స్టెప్ అభ్యంతరం వెనక్కి తీసుకున్నారు. కారణంగా ఆ మూడు సమాంతర రేఖల గ్రాఫును పేర్కొన్నారు. గణిత పద్ధతి అభ్యంతరం కూడా పోయింది. మిగిలింది ఒక్కటే: 4వ క్లెయిమ్‌లో కిటికీ "సుమారుగా 60 డిగ్రీల దగ్గర" మొదలవుతుందని ఉంది. ఎంత సుమారు?

వర్ణనలో పళ్ల లెక్క ఉంది. "సుమారుగా" కొట్టేసి, "పిస్టన్ పైకొచ్చిన చోటు నుంచి 10 పళ్ల తర్వాత" అని రాసి పంపాను. చక్రం ఇప్పుడు మళ్లీ 0.06 దగ్గర ఉంది, షిమ్ అలాగే వదిలేశాను. మొన్న కాయిల్ పీకి చూస్తే 10లో 10.